తుప్పు పట్టిన బోల్టును తెగకుండా విప్పడం: తిరువాన్మియూరు ఉప్పుగాలిలో ఒక పాత మారుతి 800

బోల్టు తెగే ముందు చేతికి ఒక కబురు వస్తుంది. అంతవరకూ రాయిలా బిగుసుకున్నది ఉన్నట్టుండి మెత్తబడుతుంది, స్పానర్ హాయిగా పావు చుట్టు తిరుగుతుంది, చప్పుడు మాత్రం ఉండదు. హమ్మయ్య వదిలింది అనుకుంటాం. వదల్లేదు. లోపల మర అలాగే పట్టుకుని ఉంది, తల కింద మెడ మెలి తిరుగుతోంది, ఇంకో పావు చుట్టుకి తల ఊడి చేతిలోకి వస్తుంది. నిజంగా వదిలే బోల్టు ఇలా ఉండదు. టక్కుమని ఒక్క చప్పుడు చేస్తుంది, ఆ తర్వాత కిర్రు కిర్రుమని సణుగుతూ, ప్రతి అంగుళానికీ మనతో పేచీ పెట్టుకుంటూ కదులుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక మొదటి ఏడాది నేను తెంపిన బోల్టు తలలన్నీ మా ఇంట్లో ఒక ఖాళీ ఆవకాయ సీసాలో ఉన్నాయి. మా ఆవిడ దాన్ని పారేయమంటుంది, నేను పారేయను.

కారు 1999 మోడల్ మారుతి 800. మా మావయ్యది, నెల్లూరు బండి, ఇప్పటికీ ఏపీ 26 నంబరే. చెన్నైకి తెచ్చాక తిరువాన్మియూరులో బీచ్‌కి మూడు వీధుల ఇవతల నిలబెడుతున్నాను. సాయంత్రం కిటికీ అద్దం మీద వేలు పెట్టి రాస్తే జిగురుగా తగులుతుంది, అదంతా ఉప్పే. ఉప్పు గాలిలో తేమను లాక్కుని ఇనుము మీద పలుచని తడి పొరలా కూర్చుంటుంది, ఎండాకాలంలోనూ ఆరనివ్వదు. ఇది చాలదన్నట్టు 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు బండి వేళచ్చేరిలో మా చుట్టాలింటి ముందు ఉంది. డోర్ అడుగు దాకా నీళ్లు, ఒక రాత్రీ ఒక పగలూ. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. కింద ఉన్న బోల్టులన్నీ మాత్రం ఆ తర్వాత ఆరు నెలల్లో ఒకే రంగుకి వచ్చేశాయి.

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందు పట్టిన చోటు కంటే రెట్టింపు పైనే చోటు కావాలి. బోల్టు మరకీ నట్టు మరకీ మధ్య ఉండే సందు కంటికి ఆనదు, ఆ సందులోనే తుప్పు పుట్టి, ఉబ్బి, గట్టి పొడిలా కుక్కుకుపోతుంది. అంటే బోల్టు ఎక్కువ బిగించినందువల్ల రావడం లేదని కాదు, చుట్టూ చీలలు కొట్టినట్టు బిగిసిపోయింది. స్పానర్ పెట్టి ఎంత లాగినా ఆ పొడి చెదరదు, మన బలమంతా బోల్టు మెడ మీదే పడుతుంది. కాబట్టి ముందు ఆ పొడిని విరగ్గొట్టాలి. నూనె, దెబ్బ, వేడి, ముందుకీ వెనక్కీ ఆడించడం, ఇవన్నీ అందుకే. విప్పడం చిట్టచివరి పని.

మొదట చూడాల్సింది: అది దేనిలోకి దిగి ఉంది

స్పానర్ తీసుకునే ముందు కింద పడుకుని టార్చి వేసి చూడండి. బోల్టు అటువైపు బయటికి వచ్చి దానికి విడిగా నట్టు ఉందా? అయితే దాని కోసం గంటలు తగలేయకండి. నట్టూ బోల్టూ రెండూ కొత్తవి చవగ్గా దొరుకుతాయి, పది నిమిషాలు ప్రయత్నించి రాకపోతే కోసేయండి. సైలెన్సర్ క్లాంపులు, బంపర్ పట్టీలు, స్టెపినీ బిగించే రాడ్డు లాంటివి ఈ బాపతు. నేను వీటి మీద ఒక ఆదివారమంతా పోగొట్టుకుని, చివరికి యాక్సా బ్లేడుతో నాలుగు నిమిషాల్లో కోశాను.

బోల్టు పోత ఇనుములోకో మందమైన ఉక్కులోకో దిగి ఉంటే వేడి పెట్టొచ్చు, దెబ్బ కొట్టొచ్చు, ఆ లోహం ఓర్చుకుంటుంది. అల్యూమినియంలోకి దిగి ఉంటే జాగ్రత్త. థర్మోస్టాట్ మూత, గేర్‌బాక్స్ పై బోల్టులు ఇలాంటివి. ఉప్పు తడి ఉన్న చోట ఉక్కూ అల్యూమినియమూ ఆనుకుని ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం కరిగి తెల్లటి పొడిగా మారుతుంది, ఆ తెల్లపొడి ఎర్రతుప్పు కంటే మొండిది. పైగా బోల్టు వచ్చినా దాని మరలకు అల్యూమినియం చుట్టలు చుట్టుకుని వచ్చాయంటే రంధ్రంలో మర పోయినట్టే.

నాలుగో రకం అన్నిటికంటే పాపిష్టిది. బాడీ రేకు వెనక చేయి దూరని పెట్టె లాంటి చోట నట్టును వెల్డింగుతో అంటించి ఉంటారు, సీటు బోల్టులు, పెట్రోలు ట్యాంకు బోల్టులు చాలా కార్లలో ఇలాగే ఉంటాయి. బలంగా తిప్పితే బోల్టు తెగదు, వెల్డింగు ఊడి లోపల నట్టు కూడా బోల్టుతో పాటు తిరుగుతుంది. అప్పుడు అటూ రాదు, ఇటూ రాదు. రేకు కోసి కిటికీ తెరవాల్సిందే. వీటికి నూనె మూడు రోజులు పట్టించకుండా చేయి వేయకండి, అంతే.

సరిపడే స్పానర్, సరిపడే బలం

తల చెడిందంటే సగం కేసులు స్పానర్ వల్లే. రెండు పక్కలా నోరున్న డి స్పానర్ బోల్టు తలను రెండు మూలల దగ్గరే పట్టుకుంటుంది, పట్టేసిన బోల్టుకి అది పనికిరాదు. స్క్రూ స్పానర్ అసలే వద్దు. ఆరు మూలల సాకెట్ కొనండి. సెట్లలో ఎక్కువగా వచ్చేది పన్నెండు మూలలది, తుప్పు తిని అంచులు అరిగిన తల మీద అది జారుతుంది. వైర్ బ్రష్‌తో తల, బయటికి కనిపించే మర మొత్తం రుద్ది, సాకెట్ అడుగు దాకా కూర్చుందో లేదో చూసి, లేకపోతే సుత్తితో తట్టి కూర్చోబెట్టండి.

మారుతి 800 బోల్టులకి ఎక్కువగా 10, 12, 14, 17 స్పానర్లు పడతాయి, చక్రాల నట్లకి 19. అంబాసిడర్ ఉన్నవాళ్లకి వేరే గొడవ ఉంది. ఆ బండి ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది కాబట్టి బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 స్పానర్ దాని మీద బాగానే ఎక్కుతుంది, అందుకే అందరూ అదే వాడతారు, ఆ 0.3 మిల్లీమీటర్ల సందే పాత బోల్టు మూలల్ని నున్నగా చేసేది. అంగుళాల సెట్ ఒకటి తీసుకోక తప్పదు.

జపాన్ డిజైన్ బండ్లలో ప్లస్ స్క్రూల సంగతి కూడా చెప్పాలి. చాలామంది స్క్రూ డ్రైవర్ జారితే స్క్రూ మెత్తది అనుకుంటారు. ఆ స్క్రూల గాడి మన మామూలు ప్లస్ డ్రైవర్ ఆకారం కంటే కొంచెం వేరు, తల మీద ఒక చిన్న చుక్క ఉంటే అది జపాన్ కొలత అని గుర్తు. దానికి తగిన బిట్ వేసి, సుత్తితో వెనక నుంచి కొడితే తనంతట తాను కొంచెం తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ అని ఒకటి ఉంటుంది, దాంతో కొడితే మొండి స్క్రూ కూడా రెండు మూడు దెబ్బలకి కదులుతుంది. నా పనిముట్లలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది ఇదే.

ఇక బలం. 10 స్పానర్ పట్టే ఎం6 బోల్టును (మర మందం 6 మిల్లీమీటర్లు) బిగించేది సుమారు 10 న్యూటన్ మీటర్లకి. పాతిక సెంటీమీటర్ల స్పానర్ చివర నాలుగు కిలోల బరువు వేలాడదీస్తే అంతే అవుతుంది. అదే స్పానర్‌కి మనం మామూలుగా ఇరవై కిలోల బలం వేస్తాం, పైగా పైపు తొడుగుతాం. అది తెగకుండా ఎలా ఉంటుంది? చిన్న బోల్టుకి చిన్న స్పానర్, రెండు వేళ్లతో. పైపు తొడగడమనేది 17, 19 స్పానర్లు పట్టే బోల్టులకే.

తిప్పే ముందు ఎటు తిప్పాలో కూడా చూసుకోండి. కింద పడుకుని తలకిందులుగా చూస్తున్నప్పుడు విప్పుతున్నామనుకుని బిగించేస్తాం, నవ్వొస్తుంది కానీ అందరికీ జరిగేదే. టై రాడ్ చివర లాక్ నట్టు లాంటి వాటిలో ఒకవైపు ఎడమ మర ఉండొచ్చు, బయటికి కనిపించే మర వాలు చూస్తే తెలిసిపోతుంది.

నూనె, దెబ్బ, మళ్లీ నూనె

అందరి ఇళ్లలోనూ డబ్ల్యూడీ 40 డబ్బా ఉంటుంది. ఆ పేరులోనే దాని కథ ఉంది. 1953లో అమెరికాలో శాన్ డియేగోలో లోహం మీది తడిని తరిమే మందు కోసం చేసిన నలభయ్యో ప్రయత్నం అది. తడిని తరమడంలో మంచిదే, కానీ పట్టేసిన మరలోకి దిగడానికే చేసిన రస్ట్ పెనెట్రెంట్ స్ప్రేలు వేరుగా ఉంటాయి, చెన్నై జీపీ రోడ్డు స్పేర్ల షాపుల్లో అడిగితే ఇస్తారు, అవే తీసుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సగం సగం కలిపి వాడేవాళ్లు కూడా ఉన్నారు. నేనూ వాడాను, పనిచేసింది, కానీ రెండూ సరిగా కలవవు కాబట్టి ప్రతిసారీ సీసా గిలకొట్టాలి, అసిటోన్ పెయింటునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది, నిప్పుకి ఇట్టే అంటుకుంటుంది. మెకానిక్ షెడ్డుల్లో వాడే కిరసనాయిలు, డీజిల్ కూడా ఎంతోకొంత దిగుతాయి. ఏ నూనె పోశారన్నదానికంటే ఎన్నాళ్లు ముందు పోశారన్నది ముఖ్యం. శనివారం పని అయితే బుధవారం నుంచి రోజూ రాత్రి ఒకసారి కొట్టండి.

నూనె కొట్టి ఊరుకుంటే పైపైనే ఉంటుంది. దారి చేయాలి. ఒక పాత బోల్టునో ఇత్తడి కడ్డీనో తల మీద నిలబెట్టి సుత్తితో నిటారుగా కొట్టండి, విరగ్గొట్టేంత కాదు, మేకు దిగేంత. పది దెబ్బలు, కాస్త నూనె, మళ్లీ పది. నట్టు అయితే పక్క నుంచి కొడుతూ అటు పక్క ఇంకో బరువైన సుత్తి ఆనించి పట్టుకోవాలి. దెబ్బకి తుప్పు పొడిలో పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోకి నూనె దిగుతుంది.

తర్వాతే స్పానర్. ఇక్కడ పుదుప్పేటలో ఒక పెద్దాయన చెప్పిన మాట చెప్పాలి. పాత బండ్ల స్పేర్ల కోసం వెళ్లినప్పుడు, ఊడదీసిన ఇంజిన్ల మధ్య కూర్చుని ఒక స్టడ్ (తల లేని బోల్టు) విప్పుతున్నాడు. నేను చేతిలో ఉన్న తెగిన బోల్టు చూపించి "ఎంత జాగ్రత్తగా తిప్పినా తెగిపోతున్నాయన్నా" అన్నాను. తల ఎత్తకుండానే, "ఎటు తిప్పినావు తమ్ముడూ?" అన్నాడు. విప్పే వైపే కదన్నా అంటే, "అదే తప్పు. ముందు బిగించు. పిసరంత కదిలితే చాలు, తర్వాత విప్పు. వచ్చిందే చాలని లాక్కుంటూ పోవద్దు, మళ్లీ లోపలికి పంపు" అన్నాడు. ఆయన చేతిలో స్పానర్ గడియారం ముల్లులా కొంచెం అటు, కొంచెం ఇటు ఆడుతూనే ఉంది. ప్రతిసారీ బయటికి ఒక పిసరు ఎక్కువ. మర చివర నుంచి ఎర్రటి పొడి నూనెలో కలిసి కాటుకలా కారుతోంది. ఆ పొడి బయటికి రావాలి. రాకుండా బలవంతంగా తిప్పుకుంటూ పోతే లోపలే ఉండలు కట్టి, సగం వచ్చిన బోల్టు మళ్లీ బిగుసుకుని అక్కడ తెగుతుంది. సగం దాకా వచ్చి తెగిన బోల్టు ఎంత ఏడిపిస్తుందో నాకు తెలుసు.

వేడి

నూనెకీ దెబ్బకీ లొంగకపోతే వేడి. బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న నట్టునో పోతనో కాల్చాలి. పది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు నట్టు 300 డిగ్రీలు వేడెక్కితే ఆ రంధ్రం దాదాపు 0.036 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. తల వెంట్రుకలో సగం మందం. వినడానికి ఏమీ లేదు, కానీ తుప్పు పట్టు చెదరడానికి అది చాలు. చుట్టూ కాల్చే చోటు లేకపోతే బోల్టు తలనే ఎర్రబడేదాకా కాల్చి వదిలేయొచ్చు, అది ఉబ్బి తుప్పుని నలిపి, చల్లారి కుంచించుకున్నాక సందు మిగులుతుంది. చిన్న గ్యాస్ టార్చి 12 స్పానర్ బోల్టు దాకా పనికొస్తుంది, పెద్ద వాటికి వీధి చివర గ్యాస్ వెల్డింగ్ వాడి దగ్గరికి వెళ్లాల్సిందే.

కొంచెం వేడి తగ్గాక, చేయి పెట్టలేనంత వేడి ఉండగానే, కొవ్వొత్తి ముక్క మర దగ్గర ఆనించండి. మైనం కరిగి మాయమైనట్టు లోపలికి పీల్చుకుపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేదు. సైలెన్సర్ ముందు పైపు దగ్గర మూడు వారాలుగా కదలని నట్టు దీనికే వచ్చింది.

ఇక్కడ మాత్రం నా మాట వినండి. పెట్రోలు ట్యాంకు, పెట్రోలు పైపులు, బ్రేక్ గొట్టాలు, రబ్బరు బుష్షుల దగ్గర మంట వద్దే వద్దు. అంతకుముందు కొట్టిన స్ప్రే నూనె కూడా అంటుకుంటుంది, గుడ్డతో తుడిచి ఆరనిచ్చాకే మంట పెట్టాలి, పక్కన తడి గోనెసంచి, బకెట్ నీళ్లు ఉండాలి. బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అసలు కాల్చొద్దు, కొన్ని రకాల్లో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి, అవి మంటలో ఫాస్జీన్ అనే విషవాయువు ఇస్తాయి. అల్యూమినియం విషయంలో ఇంకో మోసం ఉంది: ఉక్కు వేడెక్కుతుంటే ఎర్రబడి హెచ్చరిస్తుంది, అల్యూమినియం రంగు మారకుండానే 660 డిగ్రీల లోపే కరిగి కారిపోతుంది. దానికి టార్చి దూరం నుంచి, ఊపుతూ, నీటిచుక్క చుయ్యిమనేంత వరకే. ఎర్రగా కాల్చిన బోల్టును మళ్లీ వాడకండి, దాని గట్టిదనం పోయి ఉంటుంది.

అన్నట్టు, బండి కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. జాకీ స్టాండ్లు పెట్టి, చక్రాలకి దిమ్మలు వేసి, ఒకసారి బండిని ఊపి చూసి అప్పుడు దూరండి. గట్టిగా లాగాల్సిన చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే కదిలించుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి, పైకి చూస్తూ కొడుతుంటే రాలే తుప్పంతా కంట్లోకే. స్పానర్‌ని మీ వైపు లాగండి, తోయకండి, తోయాల్సి వస్తే వేళ్లు మడవకుండా అరచేత్తో తోయండి. నా కుడిచేతి కణుపుల మీద మచ్చలు ఈ ఒక్క వాక్యం ఆలస్యంగా తెలిసినందుకే.

తల నున్నబడితే, తెగితే

తల గుండ్రమైపోతే ముందు ఒక సైజు తక్కువ సాకెట్ సుత్తితో కొట్టి ఎక్కించి చూడండి, లేదా ఆకురాయితో రెండు పక్కలు చదును చేసి వైస్ గ్రిప్ (పట్టు వదలకుండా లాక్ అయ్యే పట్టకారు) బిగించండి. నట్టు అయితే ఉలి పెట్టి చీల్చడమో, గ్రైండర్‌తో ఒక పక్క మర దాకా కోసి విప్పదీయడమో చేయొచ్చు.

తెగిన ముక్క కొంచెం పైకి కనిపిస్తుంటే వెల్డింగు అంత మంచి మందు లేదు. ముక్క మీద ఒక నట్టు కూర్చోబెట్టి, నట్టు రంధ్రంలోంచి ముక్కకీ నట్టుకీ కలిపి వెల్డింగు పోయిస్తే పట్టుకోవడానికి కొత్త తల వస్తుంది, పైగా ఆ వేడి లోపలి తుప్పుని కూడా విడగొడుతుంది. చుట్టూ అల్యూమినియం ఉన్నా ఉక్కు వెల్డింగు దానికి అతకదు కాబట్టి భయం తక్కువ. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయించండి. ఎర్రదనం పోయేదాకా ఆగి, ముందు చెప్పినట్టు ఆడిస్తూ తీయాలి.

ముక్క లోపలే ఉండిపోతే డ్రిల్లింగ్. సరిగ్గా మధ్యలో పంచ్ పడాలి. ఈ ఒక్క దెబ్బకి ఐదు నిమిషాలు పట్టినా పరవాలేదు, ఆకురాయితో పైభాగం చదును చేసి, పక్క నుంచీ పై నుంచీ చూసి, అప్పుడు కొట్టండి. ఎం8 అయితే 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, 5, తర్వాత 6.5, తక్కువ వేగంతో, నూనె వేస్తూ. ఎడమవైపు తిరిగి కోసే బిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటితో చేస్తే చాలాసార్లు డ్రిల్ మధ్యలోనే ముక్క తనంతట తాను ఊడి వచ్చేస్తుంది. ఈజీ ఔట్ అని అమ్మే శంఖం ఆకారపు ఎక్స్‌ట్రాక్టర్ నాకు నచ్చదు. మీరు పట్టుకున్న బోల్టు ఎందుకు తెగింది? అంత గట్టిగా పట్టేసింది కాబట్టి. దానికంటే సన్నగా ఉన్న ఈజీ ఔట్ ఎంత బలం తట్టుకుంటుంది? అది లోపల విరిగితే డ్రిల్ బిట్ కూడా దిగదు, అది అంత గట్టి ఉక్కు. నాకు ఒకసారి విరిగింది, లేత్ వర్క్‌షాపులో దాన్ని తీసినందుకు పుచ్చుకున్న డబ్బుతో రెండు సాకెట్ సెట్లు వచ్చేవి. మొత్తం డ్రిల్ చేసేసి 6.8 రంధ్రానికి ఎం8 ట్యాప్ (మర కోసే పనిముట్టు) వేయడమే నయం, మర పూర్తిగా పోతే రంధ్రంలో కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట, హెలికాయిల్ ఉంది.

బ్రేకుల దగ్గర

ఇది విడిగా చెప్పాలి. బ్రేక్ గొట్టాల్లోని గాలిని బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ బోలుగా ఉంటుంది, అందుకే అంత తేలిగ్గా విరుగుతుంది. రబ్బరు మూత తీసి, రంధ్రంలో మట్టి తీసి, అందులో సరిగ్గా పట్టే డ్రిల్ బిట్ వెనకభాగం దూర్చి ఉంచితే గోడలు నలగవు. దాని మీద చిన్న దెబ్బలు, నూనె, ఆరు మూలల సాకెట్. విరిగితే డ్రిల్లుతో కుస్తీ పట్టకండి, ఈ బండికి వీల్ సిలిండర్ కొత్తది వేసేయడమే తేలిక. బ్రేక్ పైపు నట్టుకి నోరు తెరిచిన మామూలు స్పానర్ పెడితే మూలలు పోతాయి, పైపు దూరేంత సందుతో చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ కావాలి. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతోందంటే ఆపేసి పైపు మార్చుకోవడానికి సిద్ధపడండి. డ్రమ్ము రాకపోతే హ్యాండ్ బ్రేక్ దించి, డ్రమ్ము మీద రెండు చిన్న మర రంధ్రాలున్నాయేమో చూడండి, చాలా కార్లకి ఉంటాయి. వాటిలో బోల్టులు దించి ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెం బిగిస్తే అదే డ్రమ్మును బయటికి తోస్తుంది. లోపలి దుమ్ము నోటితో ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడవండి. మొదటిసారి చేసేవాళ్లు బ్రేకులు బిగించాక తెలిసిన మెకానిక్‌తో ఒకసారి చూపించుకుని రోడ్డెక్కండి.

తిరిగి బిగించేటప్పుడు

ఇంత కష్టపడ్డాక అదే తుప్పు బోల్టు మళ్లీ ఎక్కించే మనుషులున్నారు. తల మీద 8.8 అని బలం గుర్తు ఉన్న కొత్త బోల్టు వేయండి. స్టీలు బోల్టు మెరుస్తుంది కదా అని అన్నిచోట్లా స్టెయిన్‌లెస్ వేయాలని నాకూ అనిపించింది. మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 కంటే బలం తక్కువ, అల్యూమినియంలో వేస్తే ఉప్పుగాలికి అల్యూమినియాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. నంబరు ప్లేటుకి, మడ్ ఫ్లాపులకి వేసుకోండి, సస్పెన్షన్‌కి వద్దు. సైలెన్సర్ స్టడ్లకి ఇత్తడి నట్లు వేస్తే అవి తుప్పు పట్టి బిగుసుకోవు, వచ్చేసారి చేత్తో వచ్చినంత తేలిగ్గా వస్తాయి.

రంధ్రంలో మరని ట్యాప్‌తో శుభ్రం చేసి, బోల్టు మరకి మర బిగుసుకుపోకుండా ఆపే, రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ పలుచగా రాయండి. వేడి తగిలే చోట మామూలు గ్రీజు మాడిపోయి అదే జిగురవుతుంది. నూనె రాసిన మర తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి పుస్తకంలో రాసిన టార్క్ (తిప్పే బలం) అంతా వేస్తే ఎక్కువ బిగుస్తుంది, కొంచెం తగ్గించాలి. అందుకే చక్రాల నట్లకి మాత్రం ఏమీ రాయను, పొడిగానే బిగిస్తాను, చక్రం హబ్‌కి ఆనే చోట మాత్రం కొంచెం రాస్తాను. బయట మిగిలిన మర కొసలకి గ్రీజు పూసి పాత బ్లీడర్ రబ్బరు మూతలు తొడుగుతాను, సరిగ్గా పడతాయి. ఇక్కడ అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కాబట్టి ఈ పూత పని సెప్టెంబర్‌లో పెట్టుకుంటాను.

ప్రస్తుతం వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ కింది బోల్టు ఒకటి మిగిలింది. ఇవాళ్టికి నూనె కొట్టడం ఐదో రాత్రి. నిన్న సుత్తి దెబ్బకి చప్పుడు కొంచెం మారినట్టు అనిపించింది, పక్కింటి వాళ్లు పడుకునే లోపు ఇంకో పది దెబ్బలు వేసి రావాలి.